ఆసుపత్రి మంచం, ఇంట్లో మంచం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నాన్నకు డెబ్బై నిండాయి, రేపు మంచాన పడితే ఆదుకునే బీమా ఏదైనా ఉందా, ఆటోనగర్ షెడ్డులో నా మనుషులకు ఏం చేయాలి అని అడిగావు. ఫోనులో చెబితే సగం నీ గ్రైండరు మోతలో కొట్టుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు బీమా ఆఫీసులో క్లెయిములు చూసిన చెయ్యి నాది. ఆసుపత్రి బిల్లులో డైపర్లు, ఆయా ఖర్చు, ప్రత్యేక నర్సు, చేతికర్ర కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాణ్ణి. మామూలు పాలసీలో చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాలో అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. నిబంధన ప్రకారమే చేశాను, అందులో తప్పు లేదు. కానీ మీ అమ్మమ్మకు పక్షవాతం వచ్చి, పదకొండో రోజున ఎంవీపీ కాలనీలో లిఫ్టు లేని మా రెండో అంతస్తుకు కుర్చీలో మోసుకొచ్చినప్పుడు, నేను కొట్టేసిన జాబితా మొత్తం మా ఇంట్లోకి నడిచి వచ్చింది.

కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర ఒక దుకాణంలో మంచం అద్దెకు తెచ్చాం. తలవైపు ఎత్తడానికి కాళ్ల దగ్గర తిప్పే పిడి ఉండేది. మన ఊరి ఉప్పుగాలికి అది తుప్పు పట్టి, అన్నం పెట్టే ప్రతి పూటా కీచుమనేది. ఆ చప్పుడు వినగానే అమ్మ నోరు తెరిచేది. వీపున పుండ్లు పడకుండా గాలి పరుపు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పగలు జీతానికి ఒక మనిషి, రాత్రిళ్లు మీ అత్త. పదకొండు రోజుల ఆసుపత్రికి పాలసీ డబ్బిచ్చింది. ఆ తర్వాత ఇంట్లో గడిచిన మూడేళ్ల ఏడు నెలలకు నయాపైసా రాలేదు.

కనుక ఇది గుర్తుంచుకో. మెడిక్లెయిము, అంటే మామూలు ఆరోగ్య బీమా, ఆసుపత్రి మంచానికి. మామూలుగా ఇరవై నాలుగు గంటలైనా చేరి ఉండాలి. ఇంటికొచ్చాక మందులకు, పరీక్షలకు చాలా పాలసీల్లో అరవై రోజులు ఇస్తారు, కొన్నింటిలో ఇంకాస్త ఎక్కువ. ‘ఇంటి వద్ద చికిత్స’ అని ఒక అంశం ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకు. ఆసుపత్రిలో జరగాల్సిన వైద్యం, రోగిని కదపలేకనో పడక దొరకకనో ఇంట్లో జరిగితే దానికి ఇచ్చేది అది. స్నానం చేయించినందుకు కాదు. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటినవాళ్లందరికీ వర్తించే అయిదు లక్షల ఆయుష్మాన్ కార్డూ ఆసుపత్రి వరకే. బావగారికి ఆ కార్డు తీయించు, పైసా ఖర్చు లేదు.

నువ్వు అడుగుతున్నది, మంచాన పడ్డ మనిషిని రోజూ చూసుకునే ఖర్చుకు ఇచ్చే దీర్ఘకాలిక సంరక్షణ బీమా, వేరు. జర్మనీలో 1995 నుంచి అది తప్పనిసరి, జపానులో 2000 నుంచి నలభై దాటినవాళ్లు కడతారు. అమెరికాలో ప్రైవేటు కంపెనీలు అమ్ముతాయి. అక్కడ వాళ్లు రోగం పేరు చూసి ఊరుకోరు, ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మలమూత్రాలు ఆపుకోగలగడం. వీటిలో రెండు సొంతంగా చేయలేని స్థితి వస్తే డబ్బు మొదలవుతుంది, అదీ చాలా పాలసీల్లో మొదటి తొంభై రోజుల ఖర్చు మనం భరించాకే. మన దేశంలో అచ్చంగా దీనికోసమే అమ్మే పాలసీలు అరుదు. ఏజెంటు ‘ఉంది సార్’ అంటే, ఈ ఆరు పనుల మాట పాలసీలో ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించమను.

మరేం చేయాలంటావా? బావగారికి ఆరోగ్య పాలసీ ఇప్పటికీ తీసుకోవచ్చు. 65 ఏళ్ల అడ్డంకిని 2024లో తీసేశారు, ముందున్న జబ్బులకు క్లెయిము రావడానికి నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు. షుగరు, బీపీ దాచవద్దు. దాచినవాళ్ల ఫైళ్లు నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. నీకు నలభై ఒకటి కాబట్టి తీవ్ర వ్యాధుల పాలసీ నీ పేర తీసుకో. అందులో రాసిన పెద్ద జబ్బు వస్తే ఒకేసారి మొత్తం చేతికి వస్తుంది, దాన్ని ఆయాకు ఇస్తావో మంచానికి ఇస్తావో ఎవరూ అడగరు. పక్షవాతానికైతే లోపం మూడు నెలలు నిలిచి ఉందని రుజువు చూపాలి, ఆ మూడు నెలలకు చేతిలో డబ్బుండాలి. అక్కయ్యా బావగార్ల కోసం నెలనెలా రికరింగు డిపాజిట్టు వేరే కట్టు. మేం అది చేయక మీ అత్త గాజులు అమ్మాం.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. బావగారు సంతకం పెట్టగలిగినప్పుడే బ్యాంకు ఖాతాలో అక్కయ్య పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా మార్పించు. నామినీ ఆయన పోయాకే పనికొస్తుంది. మతి తప్పితే ముందు రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీ కూడా చట్టప్రకారం చెల్లదు.

ఇక షెడ్డు సంగతి. నెలజీతం 21,000 రూపాయల లోపువాళ్లకు ప్రభుత్వ కార్మిక బీమా ఈఎస్ఐలో వాళ్లమీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉంది. నీ దగ్గర సగంమంది ఆ పేర్లు నమోదు చేయించి ఉండరు, ఈ వారమే చూడు. పైజీతంవాళ్లకు గ్రూపు పాలసీ తీసుకుంటే తల్లిదండ్రులను చేర్చడానికి అదనపు ప్రీమియం ఎంతో అడుగు, ఇంటి నర్సింగు అంశం కలుపుతారేమో బేరమాడు. ఉద్యోగం మానితే గ్రూపు రక్షణ పోతుందనీ, అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందనీ మానేసే రోజున కాగితం మీద రాసివ్వు. చాలామందికి ఆ వీలు గడువు దాటాకే తెలుస్తుంది.

బీమా చేయలేనిది నువ్వు చేయగలవు. కిందటేడు వాళ్లమ్మ తుంటి విరిగితే మీ వెల్డరు ఇరవై రోజులు చెప్పకుండా మానేశాడని తిట్టుకున్నావు. పగలు ఆయా దొరికేదాకా వాణ్ణి మధ్యాహ్నం షిఫ్టుకు మార్చి ఉంటే సరిపోయేది.

ఆదివారం భోజనానికి రా. ఏజెంటు ఇచ్చిన రంగుల కరపత్రం ఇంట్లో పెట్టి, ఆ ముప్పై పేజీల నిబంధనల పుస్తకం తీసుకురా. ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

మీ మామయ్య