వయొలిన్ పెట్టె తెరవాలంటేనే టెన్షన్... ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టేనా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఏడేళ్ల వయసు నుంచి వయొలిన్ వాయిస్తున్నాను. ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగం మానేసి సంగీతాన్నే వృత్తి చేసుకున్నాను. చిన్నా పెద్దా కచేరీలు, అప్పుడప్పుడూ స్టూడియో రికార్డింగులు, నలుగురు పిల్లలకు పాఠాలు, వారం వారం ఆన్‌లైన్‌లో వీడియోలు. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం టైమే తెలియదు. అనుకున్నంత పేరు రాలేదు. నాతో కలిసి నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు పెద్ద వేదికల మీద వాయిస్తోంది. ఏడాదిగా పెట్టె తెరవాలంటేనే గుండె దడ. మొన్న మా ఆరేళ్ల పాప ‘అమ్మా, నాకిష్టమైన పాట వాయించవా’ అంటే ‘ఉండు, వీడియోకి ఫోన్ పెట్టుకోనీ’ అన్నాను. ‘అయితే వద్దులే’ అని వెళ్లిపోయింది. పాత ఆఫీసువాళ్లు మళ్లీ రమ్మంటున్నారు, నెలాఖరులోగా చెప్పాలి. మావారు ‘చేరిపో, వయొలిన్ ఎక్కడికి పోతుంది, ఆదివారాలు వాయించుకో’ అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. నాన్నేమో ‘ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా’ అంటారు. చేరితే ఓడిపోయినట్టు కాదా? చేరకపోతే ఇలా ఎన్నాళ్లు?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే పాప విషయం దగ్గర నా మనసు ఆగిపోయింది. పాట అడిగింది పాప, మీ చెయ్యి వెళ్లింది ఫోన్ మీదికి. ఇందులో మీ తప్పేమీ లేదు. ఎనిమిదేళ్లుగా ఏది వాయించినా ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉన్నారు. పోటీలో జడ్జి, కచేరీకి పిలిచినవాళ్లు, స్టూడియోవాళ్లు, వీడియో కింద కనిపించే లైకులు. చివరికి ఇంట్లో ఆరేళ్ల పిల్ల ముందు వాయించడం కూడా పరీక్షే అయిపోయింది. గుండె దడకు మూలం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఈ అలవాటు మారకపోతే ఉద్యోగంలో చేరినా అది మీ వెంటే వస్తుంది. ఆదివారం వయొలిన్ తీసినా ముందు ఫోన్ కోసమే వెతుకుతారు.

ఇష్టంగా చేసే పని ఇలా బరువైపోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక చేతికిచ్చారు. మిగిలినవాళ్లకు అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే రంగు పెన్నులు పిల్లల మధ్య పెట్టి, ఎవరిష్టం వాళ్లదని వదిలేశారు. సర్టిఫికెట్ కోసమే బొమ్మ వేసినవాళ్లు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటిని ముట్టుకున్నారు. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. మీ విషయంలో నాకు ఇదే ముఖ్యంగా తోస్తోంది. పేరు రావాలని కోరుకోవడం వల్ల సంగీతం చెడిపోలేదు. వాయించిన ప్రతిసారీ ‘దీనివల్ల ఏం వస్తుంది’ అని ముందే లెక్క వేసుకోవాల్సి రావడమే మిమ్మల్ని తినేసింది.

అయితే ఈ మాటకు నేను గట్టిగా కట్టుబడే ముందు మిమ్మల్ని రెండు విషయాలు అడగాలి. ఉత్సాహం లేనిది వయొలిన్ దగ్గరేనా, అన్నిటిలోనూనా? నిద్ర, ఆకలి, పాపతో గడపడం, స్నేహితులతో మాట్లాడటం, వీటిమీద కూడా రెండు వారాలకు మించి మనసు పోకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, వెంటనే డాక్టర్‌ని కలవండి. అలాగే మెడ, భుజం, ఎడమచేతి వేళ్లలో నొప్పి గానీ తిమ్మిరి గానీ ఉందా? వయొలిన్ వాళ్లలో ఇది మామూలే. చాలామంది బయటికి చెప్పరు, కచేరీలు పోతాయని భయం. నొప్పితో వాయించేవాళ్లకు వాయిద్యం మీద విసుగు రాకుండా ఎలా ఉంటుంది? ఉంటే ముందు దాని సంగతి చూడండి.

ఇంకో అపోహ కూడా మిమ్మల్ని బాధపెడుతోందేమో. ‘నిజంగా ప్రేమ ఉంటే సాధన చేస్తున్నంతసేపూ ఆనందంగా ఉండాలి కదా’ అని మీలాంటివాళ్లు నన్ను అడుగుతుంటారు. అలా ఏమీ ఉండదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో ఒక పత్రం ప్రచురించింది. ఎదగడానికి అన్నిటికన్నా ముఖ్యం ఒంటరిగా చేసే సాధన అని ఆ విద్యార్థులే చెప్పారు. కానీ అన్నిటికన్నా హాయినిచ్చేది అదేనని మాత్రం అనలేదు. బాగా వాయించేవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువసేపు నిద్రపోయేవారు కూడా, పగటి కునుకుతో కలిపి. కాబట్టి ఒకే పలుకు పదే పదే అరగదీస్తుంటే చిరాకేస్తే కంగారు పడకండి, అది పని అలసట. పెట్టె చూస్తేనే దడ పుట్టడం వేరు. ఈ రెండిట్లో మీది ఏదో రోజూ కాస్త గమనించుకోండి. శ్రుతి చేసుకుని కమాను తీగమీద పెట్టాక, పది నిమిషాలకు దడ తగ్గుతోందా, పెరుగుతోందా? తగ్గుతుంటే సంగీతం మీకు ఇంకా మందులాగే పనిచేస్తోందన్నమాట.

మీతో నేర్చుకున్న అమ్మాయి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అసూయ అని పేరు పెట్టడానికి సిగ్గుపడి ఉంటారు. సిగ్గెందుకు? ఒకే గురువు దగ్గర, ఒకే చాపమీద కూర్చుని నేర్చుకున్న మనిషి ముందుకెళ్లిపోతే కడుపులో కలుక్కుమనదా? ఆమె వాయిస్తుంటే వినగలుగుతున్నారా, లేక వింటున్నంతసేపూ ఎంతమంది చూశారన్న అంకెమీదే కళ్లు ఉంటున్నాయా? రెండోదే అయితే ఆమె పేజీలు కొన్నాళ్లు చూడకండి. దీన్ని శత్రుత్వం అనుకోనక్కర్లేదు. గాయం మానేదాకా చెయ్యి తడపకుండా చూసుకోమూ?

పెద్ద పేరు వస్తే ఈ దడ పోతుందన్న నమ్మకం మీకుంటే, కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ సంగతి చూడండి. ప్రపంచమంతా చప్పట్లు కొడుతున్న రోజుల్లో, 1964లో, 31 ఏళ్ల వయసులో ఆయన కచేరీలు మానేశాడు. జనం ముందు వాయించడం ఆయనకు సరిపడలేదు. స్టూడియోలోకి వెళ్లిపోయి 1982లో చనిపోయేదాకా రికార్డింగులు చేస్తూనే ఉన్నాడు. ఆయనకు ముల్లు వేదిక, మందు రికార్డింగ్. మీకు బహుశా రికార్డింగే ముల్లు. వేదిక దిగినంత మాత్రాన, వీడియోలు ఆపినంత మాత్రాన సంగీతం వదిలేసినట్టు కాదు. ఎవరికి గుచ్చుకున్న ముల్లు వాళ్లు తీసుకోవాలి.

ఇక ఓడిపోవడం మాట. అలెగ్జాండర్ బొరొదిన్ రష్యాలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. స్త్రీలకు వైద్యవిద్య అందాలని పాటుపడినవాడు. జబ్బు చేసినప్పుడో, సెలవుల్లోనో తీరిక దొరికితే సంగీతం రాసుకునేవాడు. ఆయన చనిపోయి వందేళ్లు దాటినా ఆయన స్వరరచనలు ప్రపంచమంతా వాయిస్తున్నారు. కానీ మీకు ఒకవైపే చెప్పడం నాకు ఇష్టం లేదు. 1869లో మొదలుపెట్టిన ఆయన ఒపేరా, అంటే సంగీత నాటకం, 1887లో చనిపోయేనాటికి కూడా పూర్తికాలేదు. రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లాజునోవ్ అనే స్వరకర్తలు దాన్ని పూర్తిచేశారు. ఉద్యోగం చేస్తూ సంగీతం నిలుపుకోవచ్చు, నిజమే. కొన్ని చెయ్యలేకపోతారు, అదీ నిజమే. దూరప్రయాణాల కచేరీలు, రాత్రి పొద్దుపోయేదాకా రికార్డింగులు మీరు వదులుకోవాల్సి రావచ్చు. దానికి దుఃఖం వస్తుంది. రానివ్వండి. ఏడ్చినంత మాత్రాన నిర్ణయం తప్పని అనుకోకండి.

నెలాఖరులోగా ఒక పని చేయండి. వీడియోలు పూర్తిగా ఆపండి. పాతవి తీసేయొద్దు, కొత్తవి పెట్టొద్దు, ఎంతమంది చూశారో తెరిచి చూడొద్దు. ఒప్పుకున్న కచేరీలు, పాఠాలు మాత్రం మామూలుగా సాగనివ్వండి. ఏ పని ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు, ఏ పని అయ్యాక ఒళ్లు అలసినా మనసు తేలిగ్గా ఉంది, ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. దడ బాగా తగ్గితే మీరు వదలాల్సింది వీడియోలనే, వృత్తిని కాదు. అప్పుడు ఉద్యోగం సంగతి కేవలం డబ్బు లెక్కతో తేల్చుకోవచ్చు. కచేరీ ముందూ అదే దడ ఉంటే మాత్రం, నా సలహా, చేరండి. పాఠాలు వదలకండి. టైమ్ తెలియని పని ఏదో మీరే రాశారు, అది చేతిలో ఉండగా దేనికోసం పోగొట్టుకోవాలి? ఆ నలుగురు పిల్లలకు సాయంత్రాలు కుదిరేలా ఆఫీసు వేళల గురించి ముందే మాట్లాడుకోండి. చేరాక అడిగితే కష్టం.

ఏ నిర్ణయం తీసుకున్నా ఇది మాత్రం చేయండి. రోజూ కాసేపు, ఎక్కడా వాయించబోని పాట ఒకటి పట్టుకోండి. బాగా చిన్నప్పుడు నేర్చుకున్నదైనా, చేతికి అందనంత కష్టమైనదైనా ఫరవాలేదు. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. తప్పు పోతే పోనివ్వండి, వెనక్కి వెళ్లి దిద్దకండి. మొదట్లో ‘టైమ్ వేస్ట్’ అనిపిస్తుంది, కాళ్లు చేతులు ఆడవు, అయినా లేవకండి. వారానికోసారి మీలాంటి ఇద్దరు ముగ్గురితో కూర్చుని కలిసి వాయించే వీలుంటే ఇంకా మంచిది. అక్కడ పక్కవాళ్లను వినడంతోనే సరిపోతుంది, మీకు మీరు మార్కులు వేసుకునే తీరిక ఉండదు. పాపకు క్షమాపణ చెప్పుకుంటూ కూర్చోకండి. దానికి ఏ పాట కావాలో అడిగి వాయించండి, అంతే.

మీవారి మాట మీకు గుచ్చుకుంది. ఆదివారాలు వాయించుకోమనడంలో ఆయన ఉద్దేశం మీ బరువు తగ్గించడమే కావచ్చు. కానీ మీ ఎనిమిదేళ్ల పనిని కాలక్షేపం అన్నట్టు వినిపించింది. కోపంలో దెబ్బలాడకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: ‘నేను ఉద్యోగంలో చేరినా చేరకపోయినా నాకు సంగీతం పనే. అది తేలిక అన్నట్టు మాట్లాడితే నాకు బాధేస్తోంది. రోజూ ఆ కాసేపు పాపను మీరు చూసుకోండి.’ సర్దుకుపోతారని ఊరికే అనుకోవడం కన్నా ఇలా ఫలానా సాయం కావాలని అడిగితే ఆయనకూ ఏం చేయాలో తెలుస్తుంది. ఇంటి ఖర్చు గురించి ఆయనకు దిగులుంటే అదీ ఆ రోజే మాట్లాడుకోండి. చాలా ఇళ్లల్లో సంగీతం మీద జరిగే గొడవ అసలు డబ్బు గురించే.

నాన్నగారికి మీ నిర్ణయం అయ్యాక చెప్పండి, ముందు కాదు. ముందే చెబితే ఆయన బాధ మోయలేక నిర్ణయం మార్చుకుంటారు. చిన్నప్పుడు మిమ్మల్ని క్లాసుకు తీసుకెళ్లి, బయట కూర్చుని ఎదురుచూసిన మనిషి అయి ఉంటారు. ఆయన కలలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. వాదించి ఒప్పించాలని చూడకండి, ఆయన అనేదంతా అననివ్వండి. తర్వాత ఎప్పుడైనా ఇంటికి వచ్చినప్పుడు, మీ పాఠం జరుగుతుండగా ఆ పిల్లల మధ్య కూర్చోబెట్టండి.