ముందు ఐదు పేజీలు, ఆ తర్వాత రియాక్ట్

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వీడియోలు చూసి వెబ్ పేజీలో విషయం రాసే హెచ్‌టీఎంఎల్, దానికి రూపం ఇచ్చే సీఎస్‌ఎస్ నేర్చుకున్నాను. ఒక్క పేజీ అయితే చేసేస్తాను. నాలుగైదు పేజీల వెబ్‌సైట్ సొంతంగా చేసి నెట్‌లో పెట్టాలంటే మాత్రం టెన్షన్. ఫ్రెండ్సేమో ఇవన్నీ పాతబడ్డాయి, నేరుగా వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ నేర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రియాక్ట్ ఎక్కడికీ పోదు, ఓ నెల ఆగండి. ఈ నెలలో కొత్త వీడియో ఒక్కటి కూడా చూడకుండా ఐదు పేజీల సైట్ ఒకటి పూర్తిచేసి నెట్‌లో పెట్టండి. రోజుకు గంట, గంటన్నర చాలు.

ముందు విషయం ఎంచుకోవాలి. చాలామంది తమ గురించే చేసుకుంటారు. రెండు పేజీలయ్యేసరికి రాయడానికేమీ ఉండదు, మిగతావి అర్థంలేని లాటిన్ అక్షరాలతో నింపేస్తారు. మీకు బాగా తెలిసినదేదైనా తీసుకోండి. చదరంగం ఆడతారనుకుందాం. హోమ్, పావుల నడక, ఆరంభ ఎత్తులు, పజిల్స్, నా గురించి... ఐదు పేజీలు వాటంతటవే వచ్చేశాయి. ఏ పేజీలో ఏముండాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలి అన్నది మొదట కాగితం మీద గీసుకోండి. మొబైల్ తెర కొలతకు ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి. ఇది చేయకుండా కోడ్‌లోకి దూకినవాళ్లు మూడో పేజీ దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రంగులు, అక్షరాల సైజులు అన్నీ ఒకే సీఎస్‌ఎస్ ఫైల్‌లో పెట్టి, ఐదు పేజీలనూ దానికే కలపండి. సీఎస్‌ఎస్ వచ్చిందే ఇందుకు. 1994లో నార్వేకు చెందిన కంప్యూటర్ నిపుణుడు హోకన్ వియుమ్ లీ దీన్ని ప్రతిపాదించారు, 1996లో ఇది వెబ్ ప్రమాణమైంది. అందంగా కనిపించడానికి సంబంధించినదంతా పేజీలోని విషయం నుంచి విడదీయడమే దాని ఉద్దేశం. హెడ్డింగ్ రంగు మార్చాలంటే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

మెనూకు మాత్రం ఈ సుఖం లేదు. ఐదు పేజీల్లోనూ కాపీ చేయాల్సిందే. ఆరో పేజీ చేరిస్తే మళ్లీ అన్నింటిలో మార్చాలి, ఎక్కడో ఒకచోట మర్చిపోతారు కూడా. ఆ విసుగు మీకు రావాలి. రియాక్ట్‌లో కాంపొనెంట్ అంటారే, మెనూ ఒకసారి రాసి అన్నిచోట్లా వాడుకోవడం, అది తీర్చేది ఈ విసుగునే. విసుగు తెలియనివాళ్లకు కాంపొనెంట్ బట్టీ పట్టే పాఠంలా ఉంటుంది. నేరుగా రియాక్ట్‌కు వెళ్లొద్దనడానికి నా కారణం ఇదే.

ఇక నెట్‌లో పెట్టడం. అసలు పాఠం ఇక్కడే ఉంటుంది, వీడియోల్లో దీనికి ఐదు నిమిషాలు కూడా ఇవ్వరు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో, వెబ్ పేజీలు చూపించే గిట్‌హబ్ పేజెస్ అనే సదుపాయం ఉంది; మీ ఫైళ్లుండే ఫోల్డర్, అంటే రిపోజిటరీ, పబ్లిక్‌గా ఉంటే అందులో ఉచితంగా పెట్టుకోవచ్చు. హోమ్ పేజీ ఫైల్ పేరు 'ఇండెక్స్' అనే ఉండాలి, సైట్‌ను అందరికీ అందించే కంప్యూటర్, అంటే సర్వర్, మొదట వెతికేది దాన్నే. పెట్టగానే ఫొటోలు మాయమవుతాయి. కంగారు పడకండి, దాదాపు అందరికీ జరిగేదే. ఫైల్ పేరులో పెద్ద అక్షరం, కోడ్‌లో చిన్న అక్షరం ఉన్నా విండోస్ పట్టించుకోదు. సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. అందుకే పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. ఫొటో చిరునామా మీ కంప్యూటర్‌లోని సీ డ్రైవ్‌తో మొదలైతే అది మీ కంప్యూటర్‌లో పేజీ తెరిచినప్పుడే కనిపిస్తుంది, నెట్‌లో ఎవరికీ కనిపించదు. ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటాయి, సైజు తగ్గించాకే పెట్టండి. పేజీని ఫోన్ తెర వెడల్పుకు సర్దమని బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్ మరిచిపోతే ఫోన్‌లో పేజీ చీమల బారులా కనిపిస్తుంది.

గిట్‌హబ్ పేజెస్ ఉన్న ఫైళ్లను చూపిస్తుందంతే, సర్వర్ వైపు కోడ్ నడపదు. కాబట్టి ఫారం పెట్టినా దానంతటది మెయిల్ పంపదు. ప్రస్తుతానికి ఒక ఈమెయిల్ లింక్ చాలు. పబ్లిక్ రిపోజిటరీలో పాస్‌వర్డ్‌లు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ పెట్టొద్దు. తర్వాత తీసేసినా పాత మార్పుల చరిత్రలో ఉండిపోతాయి.

ఇవన్నీ ఏఐని అడిగితే నిమిషాల్లో చేసిపెడుతుంది కదా అనొచ్చు. చేస్తుంది. మీరు ఇరుక్కున్న చోట దాన్ని అడగండి, తప్పు లేదు. కానీ ఇంటర్వ్యూలో మీ లింక్ తెరిచి, 'ఈ మెనూ చిన్న తెర మీద ఎందుకిలా మారింది?' అని అడిగితే చెప్పాల్సింది మీరే. ఐదు పేజీల సైట్‌తోనే ఉద్యోగం వస్తుందని చెప్పను, రాదు. ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో మాత్రం సర్టిఫికెట్ల కన్నా పనిచేసే లింక్‌కే నేను విలువిస్తాను.

సైట్ పైకి ఎక్కాక ముగ్గురికి పంపి, ఏమీ చెప్పకుండా వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూడండి. అవి సరిదిద్దాక, నొక్కితే పేజీ స్పందించేలా చేసే జావాస్క్రిప్ట్ భాష మొదలుపెట్టి, మీ పజిల్స్ పేజీలో జవాబు దాచి, నొక్కితే కనిపించే బటన్ ఒకటి చేయండి. అలాంటివి నాలుగైదు చేతికి వచ్చాక రియాక్ట్ తెరవొచ్చు.