గేటు ఎక్కడుందో చూసుకుని కూర్చో

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు ఘనా దేశం కుమాసిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నావని వీధి వీధంతా చాటిన మనిషి, ఆదివారం కుమాసి జట్టు కొటోకోకూ, రాజధాని ఆక్రా జట్టు హార్ట్స్‌కూ జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తున్నావని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. "అన్నయ్యా, నువ్వు వద్దని చెప్పు, నీ మాటైతే వింటుంది" అంది. నేను వద్దని చెప్పను. కుమాసిలో కాపురం పెట్టి ఆ మ్యాచ్ చూడకుండా వచ్చేసిన వాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. మన ఇంట్లో నా తర్వాత ఆ మెట్ల మీద కూర్చోబోయేది నువ్వే అని కాస్త గర్వంగా కూడా ఉంది. కానీ బడి పిల్లలను కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నావట. అది విన్నాక ఇంక పడుకోలేక లేచి ఇది రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. టోపీ పెట్టుకో. పాస్‌పోర్టు గదిలోనే ఉంచి నకలు తీసుకెళ్లు. చిల్లర సెడీలు విడిగా పెట్టుకో. నీళ్ల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని అమ్మేవాళ్లు మెట్ల మీదే తిరుగుతుంటారు. డబ్బు కుడి చేత్తోనే ఇవ్వు, ఎడమ చెయ్యి చాపితే వాళ్లకూ మనలాగే కోపం. చెప్పులు వద్దు, బూట్లకు లేసులు బిగించి కట్టుకో. ఎరుపు, పసుపు, నీలం కలిసిన బట్టలు పెట్టెలోంచి తియ్యనే తియ్యకు. అవి హార్ట్స్ రంగులు. తెలియక వేసుకున్నావని కుమాసి వాళ్లు క్షమిస్తారేమో గానీ నేను క్షమించను.

నువ్వు వెళ్లే స్టేడియాన్ని, నేను కుమాసిలో ఉన్న రోజుల్లో, కుమాసి స్పోర్ట్స్ స్టేడియం అనేవారు. బాబా యారా పేరు ఆ తర్వాత పెట్టారు. ఆయన కొటోకో ఆటగాడు, కుడి అంచు మీద ఆయన్ని పట్టుకోగలిగినవాడు లేడని పెద్దవాళ్లు చెప్పేవారు. 1963లో బస్సు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయింది, మరి కొన్నేళ్లకే పోయాడు. నీ పక్కన ఎవరైనా ముసలాయన కూర్చుంటే బాబా యారా గురించి అడుగు. ఆట సంగతి మరిచిపోయి చెబుతాడు.

ఆట మొదలయ్యే దాకా ఎదురుచూడాలని విసుక్కోకు, అసలు సరదా ముందే ఉంటుంది. చర్చి నుంచి నేరుగా వచ్చేసిన వాళ్లు ఆ బట్టలతోనే డప్పులు, ఇనుప గంటలు అందుకుంటారు. జామా పాటలు మొదలవుతాయి. ఒకరు ఎత్తుకుంటే వెయ్యిమంది అందుకుంటారు, మన చెక్క భజన వేగం దానికి ఏమూలకూ రాదు. కొటోకో గుర్తు ముళ్లపంది. వెయ్యిమందిని చంపితే ఇంకో వెయ్యిమంది వస్తారన్నది వాళ్ల నినాదం. గోల్ పడితే నెత్తిన పౌడరు చల్లుతారు, అది సంతోషానికి గుర్తు, విదిలించుకోకు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కనున్న ట్రోట్రో వ్యాను డ్రైవరు నాది ఇండియా అని తెలియగానే పాత హిందీ పాట ఒకటి చరణాలతో సహా పాడాడు. అర్థం ఒక్క ముక్క తెలియదట. నాకు అర్థం తెలుసు గానీ పల్లవి దాటి రాలేదు. ఆ ఆట ఎవరు గెలిచారో గుర్తు లేదు, ఆయన నన్ను చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ఇక అసలు సంగతి. నిదానంగా చదువు, ఫోన్ పక్కన పెట్టి చదువు.

2001 మే 9, బుధవారం. ఇవే రెండు జట్లు, ఆక్రా స్టేడియంలో. హార్ట్స్ అప్పటికి ఆఫ్రికా ఛాంపియన్లు. మేము కుమాసిలో రేడియో చుట్టూ కూర్చున్నాం. కొటోకో ఒక గోల్ ముందుంది, వంటింట్లో మీ అత్తయ్య కూడా చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. ఆఖర్లో హార్ట్స్ వరసగా రెండు కొట్టింది. మా వాళ్లకు ఒళ్లు మండి ప్లాస్టిక్ కుర్చీలు పీకి మైదానంలోకి విసిరారు. అది తప్పే. కానీ కుర్చీలు విసిరినవాళ్లను పట్టుకుని బయటికి ఈడ్చుకుపోవాల్సింది పోయి, పోలీసులు జనం కూర్చున్న మెట్ల మీదికే బాష్పవాయువు వదిలారు. కళ్లు కనబడక అందరూ ఒక్కసారి కిందికి పరిగెత్తారు. కింద గేట్లకు తాళాలు.

125 మందికి పైగా పోయారు. ఎక్కువ మందికి ఒంటి మీద గాయమే లేదు, ఊపిరి ఆడక పోయారు. ఆఫ్రికా ఫుట్‌బాల్‌లో అంతకు ముందు అంత ఘోరం జరగలేదు.

మా బడి ప్రయోగశాలలో పనిచేసే ఆయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. మర్నాడు ఒక కాలికే చెప్పుతో తిరిగొచ్చాడు. కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆయనకు మోకాలి నొప్పి. అందరూ లేచి పరిగెడుతుంటే తను పరిగెత్తలేక, నీళ్ల ప్యాకెట్ కొరికి చేతిరుమాలు తడిపి ముఖానికి అడ్డం పెట్టుకుని, కుర్చీల వరస మధ్య ముడుచుకుని కూర్చుండిపోయాడట. తన మీదుగా దాటుకుంటూ పోయినవాళ్లలో ముగ్గురు మా వీధి వాళ్లే. ఇది చెప్పేటప్పుడు ఏడవలేదు, మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్ని శనివారాలు ఊరంతా చావు కార్యాలకు వేసుకునే ఎరుపు, నలుపు బట్టల్లో కనబడిందో చెప్పలేను.

విచారణ జరిగింది, పోలీసుల తొందరపాటే కారణమని తేల్చారు. ఆరుగురు అధికారుల మీద పెట్టిన కేసు మాత్రం కోర్టులో నిలవలేదు. ఆక్రా స్టేడియం ముందు ఇప్పుడొక కంచు విగ్రహం ఉంది, పడిపోయిన మనిషిని ఇంకొకడు ఎత్తుకుని మోస్తున్నట్టు. ఎప్పుడైనా ఆక్రా వెళ్తే చూడు.

నీకు ఇదంతా పాతకథ అనిపిస్తుంది. నువ్వు అప్పటికి పుట్టనే లేదు. కానీ తల్లీ, 2015లో గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాటా ఇలాంటిదే. మీ అమ్మ గొంతు తగ్గించడానికి కారణం అది. తనకు మలేరియా భయం కూడా లేదు, జనం భయం.

కాబట్టి లోపలికి వెళ్లగానే కూర్చోకు. నువ్వు వచ్చిన గేటు కాకుండా ఇంకో రెండు ఎక్కడున్నాయో, తెరిచి ఉన్నాయో లేదో నడిచి వెళ్లి చూసిరా. చూసింది పిల్లలకు వేలు పెట్టి చూపించు. గేటు పక్కన చోటు దొరికితే మురిసిపోకు, తొక్కిసలాట అక్కడే మొదలవుతుంది. పైమెట్ల మీద, ఒక చివరగా కూర్చోండి. గొడవ మొదలైతే లేవకండి. పొగ వస్తే కళ్లు నలుపుకోవద్దు, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి. ఒకవేళ గుంపులో ఇరుక్కుపోతే చేతులు రెండూ ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి, జనానికి ఎదురు తోయకుండా పక్కకు పక్కకు జరగాలి. బూటు ఊడినా ఫోన్ పడినా వంగకూడదు. లేసులు బిగించమన్నది అందుకే. ఆట అయ్యాక అరగంట అక్కడే కూర్చుని పల్లీలు తినండి. జనం పల్చబడ్డాక దిగండి.

పిల్లల మాటకొస్తే, ఎవరిని అడిగి ఒప్పుకున్నావు? వాలంటీరువి, నీ పని అయిపోగానే విమానం ఎక్కి వచ్చేస్తావు. ఆ పిల్లల తల్లులు అక్కడే ఉంటారు. ప్రతి ఇంటికీ వెళ్లి అడుగు, చీటీ రాసి పంపితే చాలదు. నలుగురు పిల్లలకు ఒక పెద్ద ఉండాలి, ఆ పెద్దల్లో ఒకరైనా ఇంతకు ముందు ఈ మ్యాచ్ చూసిన ఊరివాళ్లు ఉండాలి. అంతమంది దొరక్కపోతే ఈ మ్యాచ్‌కు నువ్వు పెద్దవాళ్లతో వెళ్లు, పిల్లలను ఏదైనా చిన్న జట్టు వచ్చినప్పుడు తీసుకెళ్లు. వాళ్లు అలుగుతారు. అలగనీ.

కసురుకుంటున్నానని బాధపడకు. చిన్నప్పుడు తిరునాళ్లలో నా భుజం మీద కూర్చుని నా చెవులు పట్టుకుని ఊపేదానివి, ఇప్పుడు నువ్వే ఎవరి పిల్లలనో భుజాన వేసుకుని తిరుగుతున్నావంటే మావయ్యకు ఎలా ఉంటుందో ఆలోచించు. డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా అడుగు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆమె ఇచ్చిన పచ్చళ్లు అయిపోయాయని మాత్రం చెప్పకు, పార్సిల్ బరువు గురించి మళ్లీ నాతో పోట్లాడుతుంది.

ఆట అయిపోయి గది చేరగానే ముందు అమ్మకు ఫోన్ చెయ్యి, తర్వాత నాకు స్కోరు పంపు. హార్ట్స్ గెలిస్తే సోమవారం పంపినా పర్వాలేదు.

మీ మావయ్య