నల్లగొండ ఇంట్ల ఆఫ్రికన్ వయొలెట్

పాలమూరు

బిడ్డా,

హైదరాబాద్ నర్సరీల ఆఫ్రికన్ వయొలెట్లు, ఇంట్ల కుండీల పెంచే ఆ చిన్న పువ్వుల చెట్లు, మూడు కొన్న అని రాసినవు: ఊదాది, తెల్లది, గీతల పువ్వుది. మంచి టైముల కొన్నవు. దసరా నుంచి శివరాత్రి దాక మన దిక్కు దానికి అనువైన కాలం. ఆ నెలల్ల వేర్లు పట్టుకున్న చెట్టే ఎండాకాలం దాటుతది. అందుకే ఈ వారంల చెయ్యాల్సినది ముందు రాస్త.

ఒక్క మాట మొదలే చెప్త. మన ఊర్లల్ల ఈ చెట్టు ఎండతోని చచ్చేది తక్కువ, ఎండను జూసి మనం పోసే నీళ్లతోని చచ్చేదే ఎక్కువ. దీని పుట్టిల్లు టాంజానియాల ఉసంబారా కొండలు. అక్కడ చెట్ల నీడకు, నాచు పట్టిన బండల సందుల్ల పెరుగుతది. నీళ్లు తడిపి జారిపోతయి, వేర్లకు గాలి ఆడుతది. 18 నుంచి 27 డిగ్రీల మధ్యల ఉంటే దానికి సుఖం. పేరుకే వయొలెట్, ఆ వంశం కాదు. 1893ల సెయింట్‌పాలియా అని శాస్త్రం పేరు పెట్టిన్రు, ఇప్పుడు స్ట్రెప్టోకార్పస్ అనే ఇంకో ప్రజాతిల కలిపిన్రు. నర్సరీల ఏ పేరు చెప్పినా నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే.

ముందుగాల మూడింటినీ నీ కడమ చెట్ల నుంచి దూరంగ, వేరే అర్రల ఓ నెలా నెలన్నర ఉంచు. పురుగేదన్న వెంట వచ్చుంటే ఆ లోపల బయటపడుతది.

మట్టి సంగతి. చెల్క మట్టి వద్దు, పశువుల ఎరువు వద్దు, నల్లరేగడి అసలే వద్దు. తడిస్తే ముద్దైతయి, వేరుకు ఊపిరాడదు. పర్‌లైట్ (తేలికైన తెల్ల గుళికలు) రెండు గిన్నెలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక గిన్నె, వర్మిక్యులైట్ (కాల్చి ఉబ్బించిన మైకా లాంటి పొరలు) ఒక గిన్నె కలుపు. పర్‌లైట్‌ను ముందు నీళ్లు చిలకరించి తడుపు, ఆ దుమ్ము ఛాతికి మంచిది కాదు. కోకోపీట్‌ల ఉప్పు ఉంటది. 650 గ్రాముల కోకోపీట్ ఇటుకను 4 లీటర్ల నీళ్లల్ల నానేసి, బట్టలేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండు. మొదటి నీళ్లు డికాక్షన్ లెక్క వస్తయి. అవి పలచబడేదాక మూడు సార్లన్న కడగాలె. కలిపినంక పిడికిట్ల పట్టి పిసుకు. చెయ్యి తెరిస్తే ముద్ద విడిపోవాలె. ముద్ద అట్లనే నిలబడితే ఇంకో అర గిన్నె పర్‌లైట్ వెయ్యి. వర్మీకంపోస్ట్ పిడికెడన్న వెయ్యమని అందరు చెప్తరు. నేనైతే వద్దంట, వానకాలం దాంట్లకు చిన్న నల్ల దోమలు జేరుతయి.

కుండీ పెద్దదైతే చెట్టు పెద్దదైతది అనుకోకు. ఈ కొస నుంచి ఆ కొసకు ఆకులు ఎంత వెడల్పు పరుచుకుంటయో అందుల మూడో వంతు చాలు. 9 అంగుళాల చెట్టుకు 3 అంగుళాల కుండీ, 12 అంగుళాలకు 4. వేర్లు తాగలేనంత మట్టి ఉంటే అది ఎన్నడూ ఆరదు. ప్లాస్టిక్ కుండీనే తీసుకో, అడుగున బొక్కలు నాలుగన్న ఉండాలె. మట్టి కుండీ అంచుకు ఉప్పు పేరుకుంటది, ఆ అంచుకు ఆనిన ఆకు కాడ అక్కడికక్కడ గోధుమరంగై కుళ్లుతది.

ఇగ నీళ్లు. బోరునీళ్ల సంగతి నల్లగొండోళ్లకు ఒకరు చెప్పాల్నా! ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఈ చెట్టుకు ఆ నీళ్లల్ల ఉప్పులు, సున్నం ఎక్కువ కీడు. సున్నంతోని మట్టి పులుపు తగ్గుతది, వేరు ఇనుము తీసుకోలేదు, ఈనెలు పచ్చగుండి కొత్త ఆకు పసుపైతది. కాచి చల్లార్చితే ఉప్పులు పోవు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతయి. ఆర్వో మిషన్ పక్క పైపుల నుంచి వచ్చే వేస్టు నీళ్లు చెట్లకు పోసుడు అందరి ఇండ్లల్ల అలవాటే. వీటికి మాత్రం చుక్క కూడ వద్దు, బోరు ఉప్పంతా చిక్కబడేది ఆ పైపుల్నే. తాగే ఆర్వో నీళ్లు గాని, పట్టిపెట్టిన వాననీళ్లు గాని పొయ్యి. నల్లా నీళ్లైతే రాత్రి బకెట్‌ల పట్టి పెట్టి పొద్దున వాడు.

నీళ్లు అర్ర ఎంత వెచ్చగుంటే అంత వెచ్చగుండాలె. ఆకు మీద చల్ల నీళ్లు పడితే తెల్లగనో పసుపుగనో సున్నాలు సున్నాలు మచ్చలు పడ్తయి, అవి మళ్లీ పోవు. చలికాలం పొద్దున నల్లా నీళ్లు, ఫ్రిజ్ నీళ్లు, ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు, మూడూ పనికిరావు. ఆకులు పైకి లేపి మట్టి మీద పొయ్యి, నడిమి మొవ్వల నీళ్లు నిలవద్దు. పొరపాటున పడితే టిష్యూ కొసతోని అద్దెయ్. స్ప్రే బాటిల్‌తోని ఆకుల మీద చల్లుడు ఎవరు చెప్పినా చెయ్యకు.

ఎప్పుడు పొయ్యాలె అని దినాల లెక్క అడగకు, చెయ్యిని అడుగు. నీళ్లు పోసి కారిపోయినంక కుండీ లేపి జూడు, ఆ బరువు గుర్తు పెట్టుకో. రోజూ పొద్దున లేపుతుండు. మట్టి పైన తెల్లబారి, కుండీ బెండు లెక్క తేలికైన నాడు పొయ్యి. చలికాలం అది వారం కావచ్చు. కింది ప్లేటుల నీళ్లు అరగంట దాటి నిలిస్తే పారబోయ్యి. నెలకొకసారి 4 అంగుళాల కుండీకి లీటరున్నర ఉత్త నీళ్లు మెల్లగ పోసి అడుగు నుంచి కారనియ్యి, పేరుకున్న ఉప్పు కొట్టుకపోతది.

ఎరువు కోసం వెతుకుడు అక్కర్లేదు. బత్తాయి తోటలకు డ్రిప్‌ల ఇచ్చే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉండే ఎరువు) మన ఎరువుల షాపుల్ల దొరుకుతది. కాకపోతే మోతాదు చీమంత. 5 గ్రాములు లీటరు నీళ్లల్ల కలిపి సీసాల పెట్టుకో. అందులకెళ్లి 50 మిల్లీలీటర్లు తీసి లీటరు నీళ్లల్ల కలిపితే లీటరుకు పావు గ్రాము అయితది. నీళ్లు పోసినప్పుడల్లా అవే పొయ్యి, నెలనాటి కడుగుడుకు మాత్రం ఉత్త నీళ్లు. నడిమి ఆకుల మీద ఎర్రటి ఇసుక లెక్క గింజలు కనబడితే మోతాదు ఎక్కువైందని. యూరియా గింజ కూడ వెయ్యకు, వేర్లు మాడ్తయి.

వెలుతురు లేక పువ్వు రాదు. తూర్పు కిటికీ మంచిది, పలచటి తెర ఉండాలె. చెయ్యి అడ్డం పెట్టి జూడు. నీడ అంచు మసకగ పడితే సరిపోయింది, కత్తి లెక్క గీసినట్టు పడితే వెనుకకు జరుపు. కాడలు పొడుగై ఆకులు మీదికి చెయ్యి చాపినట్టుంటే వెలుతురు తక్కువ. ఆకులు కుండీని కరుచుకొని కిందికి వంగి, రంగు పాలిపోతే ఎక్కువ. వారానికొకసారి పావు తిప్పుడు తిప్పు. కిటికీ కుదరకపోతే 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు అడుగు ఎత్తుల కట్టి 12 గంటలు వెలిగియ్యి. రాత్రి చీకటి కూడ కావాలె దానికి.

ఆకుల నడుమ పిలకలు వస్తయి. వాటిని ఉంచితే మొవ్వలు రెండు మూడై, పువ్వు తగ్గుతది. కాని తొందరపడి మొగ్గను పిలక అనుకొని తుంచుతరు చానమంది. నాలుగు ఆకులు వచ్చేదాక ఆగు, అప్పుడు పెన్సిల్ మొనతోని తోసెయ్.

ఇగ ఎండాకాలం. మార్చి చివర నుంచి ఎరువు బంద్. మొగ్గలు అన్నీ తీసెయ్, లేకుంటే అవే మాడి రాలుతయి, చెట్టు బలం గుంజి పోతయి. వత్తితోని నీళ్లు అందించే ఏర్పాటు పెట్టుకుంటే అది కూడ తీసెయ్. వేడిల తడి ఆరకుండ ఉంటే వేరు ఉడికినట్టైతది. స్లాబు కింది అర్రలు రాత్రంతా వేడి కక్కుతయి, కింది పోర్షన్ల ఉత్తరం దిక్కు అర్ర, షాబాద్ బండల మీద పెట్టుకో. తట్టల ఇసుక పోసి తడిపి, దాని మీద బోర్లించిన ప్లేటు, ప్లేటు మీద కుండీ. కుండీ అడుగు తడికి ఆనద్దు. కూలర్ ఉన్న అర్ర మంచిదే, గాలి మాత్రం నేరుగ తగలనియ్యకు.

మే నెల, పగటీలి మూడు గంటలు. ఆకులు తడిబట్ట లెక్క వాలిపోయి కనిపిస్తయి. చేతికి చెంబు అందుతది, పొయ్యకు. ముందు కుండీ లేపు. తేలికగుంటే నీళ్లు అడుగుతున్నట్టే, తెల్లారి పొద్దున ఓ 40 మిల్లీలీటర్లు పొయ్యి. బరువుగుంటే ఏం చెయ్యకుండ తెల్లారేదాక ఆగు. చల్లబడ్డంక ఆకులు గట్టిపడితే అది వేడికి సొమ్మసిల్లుడే. తెల్లారినా లేవకుండ, కుండీ బరువుగనే ఉంటే వేరు కుళ్లింది. అప్పుడు బయటికి తీసి వేర్లు జూడు. తెల్లయి బతికినయి, గోధుమరంగై పట్టుకుంటే ఊడొచ్చేటివి పోయినయి. బ్లేడుతోని మెత్తబడ్డ కాండం కోసుకుంట పో. కోసిన చోట నడుమ గోధుమ చుక్క కూడ కనబడని దాక కోసి, ఆ తలను కొత్త మట్టిల పెట్టి, పైన పలచటి కవర్ మూత వెయ్యి. కుళ్లు మొవ్వ దాక పోతే తలను విడిచిపెట్టి గట్టి ఆకులు తీసి నాటు.

ఆకు నాటుడు చెప్త. బయటి పాత ఆకు వద్దు, నడిమి లేతది వద్దు, రెండో మూడో వరుసది తీసుకో. కాడ అంగుళం ఉంచి ఏటవాలుగ కోసి, అర అంగుళం లోపలికి గుచ్చు. మూత ఉన్న స్వీట్ డబ్బాల పెట్టు. నెలకు వేర్లు, రెండు రెండున్నర నెలలకు పిల్లలు. పిల్లాకులు రూపాయి బిళ్లంత అయినంక విడదియ్యి. పువ్వుకు ఇంకో ఐదారు నెలలు. ఎండాకాలం ముందే, ఫిబ్రవరి లోపల ఒక్కో చెట్టుకు రెండు ఆకులు నాటిపెట్టుకో.

పురుగుల్ల పిండినల్లి కనబడితే స్పిరిట్‌ల ముంచిన ఇయర్‌బడ్‌తోని తుడుచు, వారం వారం మూడు సార్లు. పువ్వుల మీద పసుపు పుప్పొడి చెల్లాచెదురుగ ఉంటే తామర పురుగు, పువ్వులన్నీ తెంపి కవర్ల మూటగట్టి పారెయ్. నడిమి ఆకులు బిగుసుకొని, బూడిదరంగై, నూగు దట్టమైతే కంటికి ఆనని నల్లి. ఆ చెట్టును కుండీతోని సహా పారెయ్, దాన్ని కాపాడుకుంట కూసుంటే కడమ రెండూ పోతయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఊదాది, తెల్లది చెరో ఆకు తడి టిష్యూల చుట్టి, డబ్బాల పెట్టి తే. ఆ గీతల పువ్వుది ఆకు తేకు, ఆకుల నుంచి వచ్చిన పిల్లకు ఆ గీతలు రావు. దానికి పిలక వచ్చుంటే వేరు చేసి తే.

మీ పెద్దమ్మ