ఎంఆర్‌ఐలో కణితి లేదన్నారు... అయినా వెన్ను నీటి పరీక్ష ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. ఈ మధ్య 12 కిలోల బరువు పెరిగాను. మూడు నెలలుగా తలనొప్పి. పొద్దున లేవగానే ఎక్కువ. వంగి లేస్తే కొన్ని క్షణాలు కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. ఎంఆర్‌ఐలో కణితి లేదు గానీ కంటి నరం వాచిందని, వెన్ను నుంచి నీరు తీసి చూడాలని అంటున్నారు. నాకు భయంగా ఉంది. మాత్రలతో సరిపోదా?

జవాబు: అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అనే సమస్యను గట్టిగా సూచిస్తున్నాయి. ఇది తల లోపలి ఒత్తిడి. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు రోజుకు సుమారు అర లీటరు తయారవుతూ, అంతే మేరకు రక్తంలోకి చేరిపోతుంది. అది సరిగా బయటికి పోకపోతే, పుర్రె సాగదు కాబట్టి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. కణితి, రక్తస్రావం వంటివి మెదడును ఒక పక్కకు నెట్టి స్పృహకే ముప్పు తెస్తాయి; మీ విషయంలో ఒత్తిడి అంతటా సమంగా ఉంటుంది కనుక ఆ ప్రమాదం చాలా అరుదు. అయితే అదే ఒత్తిడి కంటి నరం చుట్టూ ఉన్న పొర గుండా పాకి నరాన్ని నొక్కుతుంది. నేను అసలు ఆందోళన చెందేది మీ చూపు గురించే, ఎందుకంటే ఈ జబ్బులో చూపు తరచుగా అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, రోగికి ఆలస్యంగా గాని తెలియదు.

కాబట్టి పరీక్షను వాయిదా వేయకండి. స్కాన్‌లో అడ్డంకులేవీ లేవని తేలాక, నడుము దగ్గర మత్తు ఇచ్చి చేసే ఈ పరీక్ష సురక్షితమే. తరువాత కొన్ని రోజులు తలనొప్పి ఉండవచ్చు. పక్కకు పడుకోబెట్టి కొలిచినప్పుడు ఆ నీటి పీడనం 25 సెంటీమీటర్ల నీటి మట్టానికి పైన ఉంటే నిర్ధారణకు బలం చేకూరుతుంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా ఇవే లక్షణాలు వస్తాయి గనుక, ఆ సిరలను చూపే స్కాన్ ఎంఆర్ వీనోగ్రామ్ చేశారో లేదో తప్పక అడగండి. గర్భనిరోధక మాత్రలు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ లేదా డాక్సీసైక్లిన్, విటమిన్ ఏ వాడుతుంటే దాచకుండా చెప్పండి.

చికిత్సలో ఆ నీటి తయారీని తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్ర ముఖ్యం. దానితో వేళ్లలో చిమచిమలు రావడం మామూలే. గర్భం ధరించే ఆలోచన ఉన్నా, కిడ్నీ రాళ్ల చరిత్ర ఉన్నా ముందే చెప్పాలి. మాత్ర ఒక్కటే చాలదు, బరువు తగ్గాలి. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో ఒత్తిడి దిగివస్తుంది. కంటి డాక్టరు దగ్గర చూపు పరిధిని కొలిచే పెరిమెట్రీ పరీక్షను వారు చెప్పిన గడువుల్లో చేయించుకుంటూ ఉండండి.

ఈలోగా చూపు అకస్మాత్తుగా మందగించినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, వాంతులతో మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి.