పాప జ్ఞానస్నానం: రెండు కుటుంబాల మధ్య నలిగిపోతున్నాను

ప్రశ్న: మాది నల్లగొండ, ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) కుటుంబం. అత్తగారిది మహబూబ్‌నగర్ దగ్గర, ఎం.బి. (మెన్నోనైట్ బ్రెదరన్) సంఘం. పెళ్లి మా చర్చిలోనే అయింది. పాపకు ఎనిమిదో నెల. "జ్ఞానస్నానం లేకుండ పిల్లకు ఏమన్న అయితే ఎట్ల?" అని అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తది. అత్తమ్మేమో "ఊహ తెల్వని పిల్లకు బాప్తిస్మమేంది? పెద్దగయినంక తనే అడిగి తీసుకుంటది" అంటది. మా ఆయన ఎవరికీ ఏం చెప్పడు. ఆయన ఊర్లో లేనప్పుడు పాపను తీసుకపోయి చేయించమని అమ్మ పట్టుబడుతున్నది. ఏం చేయాలె?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి భయం తీరాలి. అది తీరకుండా ఏ చర్చా ముందుకు సాగదు. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన శిశువులు మోక్షానికి వెళ్లక లింబో అనే వేరే స్థితిలో ఉంటారని ఆమె తరం విని పెరిగింది. దాన్ని శ్రీసభ (కథోలిక సంఘం) ఎన్నడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. అలాంటి పిల్లల రక్షణ గురించి నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని వాటికన్ అంతర్జాతీయ వేదాంత సంఘం 2007లో పత్రమే వెలువరించింది. ఈ మాట మీ విచారణ (చర్చి పరిధి) గురువుతో చెప్పించండి. మీరు చెబితే అత్తవారి వైపు మాట్లాడుతున్నావంటారు. ప్రాణాపాయం వస్తే గురువు కోసం ఆగక్కర్లేదు. శ్రీసభ ఉద్దేశంతో, "పిత పుత్ర పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంటూ తలపై మూడుసార్లు నీళ్లు పోసి ఎవరైనా ఇవ్వవచ్చు. ఇది తెలిస్తే ఆమెకు సగం నిద్ర పడుతుంది.

మీ అత్తమ్మది మొండితనం అనుకోకండి. 1525లో జ్యూరిక్‌లో పెద్దల బాప్తిస్మం మొదలుపెట్టినవాళ్లలో ఫెలిక్స్ మాంజ్‌ను అందుకే రెండేళ్లకే లిమ్మట్ నదిలో ముంచి చంపారు. ఆ పరంపరలోదే ఎం.బి. సంఘం. రష్యా నుంచి వచ్చిన ఎం.బి. మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890ల్లో పనిచేసింది మీ నల్లగొండలోనే.

ఈ వాదం అంతకన్నా చాలా పాతది. కార్తేజ్ నగరంలో సుమారు 200లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లల బాప్తిస్మం విషయంలో ఆగమన్నాడు. అదే నగరంలో సుమారు 253లో బిషప్ సిప్రియన్ సభ ఎనిమిదో రోజు దాకా కూడా ఆగొద్దంది. కాబట్టి ఏ అమ్మమ్మా, ఏ నానమ్మా రెండోవారిని "తప్పు బోధ" అనకూడదు. ఆ మాట మీ ఇంట్లో వినబడితే అక్కడే ఆపండి.

ఇక దొంగచాటుగా చేయించడం. కానన్ చట్టం (శ్రీసభ నియమావళి) 868 ప్రకారం తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి చాలు, కనుక నియమం అడ్డు రాదు. అయినా చేయకండి. జ్ఞానస్నానాన్ని వెనక్కి తీసుకోలేం. మీ ఆయన ఆ సంగతి మరొకరి నోట వింటే ఆ రోజు పోయిన నమ్మకం తిరిగి రాదు.

పెళ్లప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితం బయటికి తీయండి. పిల్లల్ని కథోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని మాట ఇచ్చింది మీరు. 1970 నుంచి కథోలికేతర భాగస్వామితో ఆ ప్రమాణం చేయించరు, తెలియజేస్తారంతే. మీ ఆయనకు అప్పుడు ఎంత అర్థమైందో ఇద్దరే కూర్చుని అడగండి. పెద్దలు లేనప్పుడు, పాప పడుకున్నాక.

నా అభిప్రాయం: ఆ మాట నిలబెట్టుకోవాలి, కానీ ఆయన సరేనన్నాకే. ముందు అత్తమ్మ సంఘంలో శిశు ప్రతిష్ఠ ప్రార్థన చేయించండి. నీళ్లు ఉండవు కనుక అది జ్ఞానస్నానానికి అడ్డు కాదు. తర్వాత మీ విచారణలో. జ్ఞాన తండ్రో తల్లో (జ్ఞానస్నానంలో పిల్లకు అండగా నిలిచేవారు), కనీసం ఒకరు భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) పొందిన, పదహారేళ్లు నిండిన కథోలికులై ఉండాలి. వారి పక్కన మీ ఆడబిడ్డో మరిదో సాక్షిగా నిలబడవచ్చు. ఆ పిలుపు మీరే ఇవ్వండి.

అసలు చిక్కు పదిహేనేళ్ల తర్వాత వస్తుంది. పాప అత్తమ్మ సంఘంలో చేరాలంటే ముంపు బాప్తిస్మం తీసుకోమంటారు. మన దృష్టిలో అది రెండోసారి, వారి దృష్టిలో మొదటిది. బాప్తిస్మం మళ్లీ ఇవ్వరాదని 1982లో ప్రపంచ సంఘాల మండలి లీమా పత్రం కోరినా అన్ని సంఘాలూ అంగీకరించలేదు. అప్పుడు ఏం చేస్తారో వారి పాస్టర్ గారిని ఇప్పుడే, మీరూ మీ ఆయనా కలిసి వెళ్లి అడగండి.