మొదలుపెట్టినవన్నీ సగంలోనే ఆగిపోతున్నాయి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం, ఇద్దరు పిల్లలు. ఏదైనా కొత్తది కంటబడితే చాలు, నిద్ర కూడా పట్టదు. మగ్గం వర్క్ నేర్చుకుంటానని ఫ్రేమ్, సూదులు, జర్దోసీ అన్నీ తెచ్చుకున్నాను. జాకెట్టు చేతి మీద నెమలి సగం కుట్టి ఆపేశాను. తర్వాత మిద్దెతోట. ఇరవై గ్రోబ్యాగుల్లో ఇప్పుడు పుంటికూర ఒక్కటే మిగిలింది. ఇంటిపనీ అంతే. మెషిన్లో బట్టలు వేసి మర్చిపోతాను. వాసన వస్తే మళ్లీ ఉతుకుతాను. మా అత్తమ్మ ‘ఆరంభశూరత్వం’ అంటారు. మా ఆయన ఏమీ అనరు, నాకు అదే ఎక్కువ బాధ. నేను నిజంగా బద్ధకస్తురాలినా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. బద్ధకం ఉన్న మనిషి అవే బట్టలు మూడుసార్లు ఉతకదు. మీరు మిగతావాళ్ల కంటే ఎక్కువే చేస్తున్నారు. పని చివరిదాకా చేరడం లేదు కాబట్టి చేసినట్టు కనబడటం లేదు, అంతే.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నాదీ అదే తీరు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. దిద్దడం సగంలో ఆగిన పేపర్ల కట్ట మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మీ అత్తమ్మ అన్న మాట మా అమ్మ నోట, మా అత్తగారి నోట నేనూ విన్నాను. 57వ ఏట మనవడిని డాక్టరుకు చూపించడానికి వెళ్లినప్పుడు, ఆయన వాడి గురించి అడిగిన ప్రశ్నలన్నిటికీ నా చిన్నతనమే గుర్తొచ్చింది. తర్వాత నేనూ చూపించుకున్నాను. ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం, చిన్నప్పటి నుంచీ ఉండే సమస్య. ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ ఏడ్చాను.

మీకూ అదేనని నేను చెప్పలేను, డాక్టరే చెప్పాలి. ఒక్కటి మాత్రం గుర్తు చేసుకోండి: ఇది చిన్నప్పటి నుంచీ ఉందా? 12 ఏళ్ల లోపే ఛాయలు ఉన్నాయా అని వైద్యులు తప్పకుండా అడుగుతారు. అల్లరి చేసే పిల్లాడు టీచరు కంట్లో పడతాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లను మాత్రం పరధ్యానం అని వదిలేస్తాం. నేనే ఎంతమందిని అలా వదిలేశానో! ఈమధ్యే మొదలైందంటే మాత్రం థైరాయిడ్, రక్తహీనత, బి12, నిద్ర, డిప్రెషన్ చూపించుకోవాలి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటే ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక బట్టల సంగతి. అది ఒక పని కాదు. వేయడం, తీయడం, ఆరేయడం, మడతపెట్టడం, బీరువాలో పెట్టడం, మొత్తం ఐదు పనులు. వేయడానికీ తీయడానికీ మధ్య గంట ఖాళీ. మనం జారిపోయేది ఆ గంటలోనే. నేనేం చేస్తానంటే, మెషిన్ ఆన్ చేయగానే ఖాళీ బకెట్టు తెచ్చి వంటింటి గుమ్మంలో అడ్డంగా పెడతాను. దాన్ని దాటకుండా పొయ్యి దగ్గరికి వెళ్లలేను, దాటినప్పుడల్లా బట్టలు గుర్తొస్తాయి. చొక్కాలు, జాకెట్లు, నైటీలు దండెం మీద హ్యాంగర్లతోనే ఆరేస్తాను. ఆరాక అదే హ్యాంగరుతో బీరువాలోకి పోతాయి. మడతల పనే లేదు. లోదుస్తులకు, సాక్సులకు తలా ఒక బుట్ట. మా కోడలికి మొదట్లో నచ్చలేదు. ఇప్పుడు పిల్లల బట్టలకు తనూ అదే చేస్తోంది.

అంట్లు తోమేటప్పుడు మా చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్లో పెడతాను. అక్కడ తను కూరలు తరుగుతుంది, ఇక్కడ నేను తోముతాను. ఒక్కోసారి మాటలు కూడా ఉండవు. ఇంకో మనిషి ఉన్న అలికిడికే చెయ్యి కదులుతుంది.

సరదాలను మాత్రం చంపుకోవద్దు. కొత్తదనమే మనలాంటివాళ్లను కదిలిస్తుంది. అలవాటు పడగానే ఆ ఊపు పోతుంది. కాబట్టి కొనడం ఒక్కటి వాయిదా వేయండి. మొదటి నెల ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఆ సగం నెమలి పూర్తి చేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు. మగ్గం పనివాళ్లకు ఇచ్చి మిగతా సగం కుట్టించుకోండి. వచ్చే పండక్కి ఆ జాకెట్టు తొడుక్కోండి.

మీ ఆయన ఏమీ అనరని రాశారు. ఆయనకు ఏమనాలో తెలియక కూడా అయి ఉండొచ్చమ్మా. ఏమనాలో ఆ మాట మీరే అందించండి. మెషిన్ ఆగిన చప్పుడు వినబడగానే ‘బట్టలు’ అని ఒక్క పిలుపు పిలవమని అడగండి.